రెండొందల పదమూడో జత

ఏసోబుకి అన్యాయం జరిగింది 2021 ఆగస్టులో. ఇరవై రెండేళ్లు స్తంభాలెక్కి ఊరి ఫోన్లు బతికించినవాణ్ణి, ఫైబర్ వచ్చింది, రాగితీగలతో పని లేదు, ఇక నువ్వు రావద్దన్నారు. అయినా ఎక్స్ఛేంజికి వెళ్లాడు. తలుపు తీసి, గది ఊడ్చి, స్టూలు మీద కూర్చునేవాడు. నెల తిరక్కుండా ఆ స్టూలు మీదే పోయాడు.

అప్పట్నించీ దర్శి అవతల, మిరప కల్లాల పక్కనున్న ఆ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి చెడ్డపేరు. రాత్రి ఎనిమిదింటికి లోపల ఫోను మోగుద్దంట — కరెంటు పీకేసి మూడేళ్లయినా. ఏసోబు దెయ్యమయ్యాడన్నారు. వెళ్లగొట్టిన పెద్దమనుషుల్ని మాత్రం ఎవరూ దెయ్యాలనలేదు.

2025 మార్చి పద్నాలుగు సాయంత్రం సుభానీ వెళ్లాడు. ఫైబర్ లాగే కూలీ. ఆ గదిలో కొత్త పెట్టెలు బిగించాలి. పొద్దుటికల్లా పాత తీగ ఒక్కటి మిగిలినా పనిలోంచి తీసేస్తానన్నాడు కాంట్రాక్టరు.

"ఎనిమిదికి నీకు ఫోనొస్తుందిరా," నవ్వాడు టీకొట్టు ఖలీల్. "ఎత్తమాక. ఎత్తావా, నిన్నూ స్తంభమెక్కిస్తాడు."

తుప్పు తాళం పగలగొట్టి లోపలికెళ్లాడు సుభానీ. తలకి లైటు కట్టుకుని కోస్తూ పోయాడు. ఫోనుకో జత తీగలు. రెండొందల పన్నెండు జతలు తెగాయి. ఒక్కటి మిగిలింది... కత్తెర ఆనించాడు.

మోగింది.

కత్తెర వెనక్కి లాగాడు. మోత... బీరువా వెనకనించి. వంగి చూశాడు — పిడి తిప్పే పాతకాలం ఫోను. దానికి కరెంటు అక్కర్లేదు. ఆ చివర ఎవరో పిడి తిప్పితే ఈ చివర మోగుతుంది. తీగకి కట్టిన చీటీ మీద వంకర రాత: 'మా ఇల్లు. ఏసోబు.'

ఎత్తాడు.

"అన్నం చల్లారిపోతంది," అంది ముసలి గొంతు. ఏసోబు పెళ్లాం, చూపు లేని మార్తమ్మ. ఆయన పోయాడంటే నమ్మదంటారు ఊళ్లో. "వస్తన్నావా?"

దెయ్యం కాదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆయన లేడమ్మా అనాలి... కత్తెర నొక్కాలి. లేకపోతే రేపు తన కంచంలో అన్నమెక్కడిది?

"పలకవేంటయ్యా?" గుసగుసగా అంది. "నిన్న వస్తన్నానన్నావుగా..."

నిన్న ఆ తలుపుకి తాళముంది.

"...వస్తన్నా," అన్నాడు సుభానీ. కత్తెర జేబులో పెట్టేశాడు.

వెళ్లబోతూ లైటు తిప్పితే, స్టూలు మీద రిజిస్టరు తెరిచి ఉంది. బాగుచేసిన ప్రతి జతా అందులో ఎక్కించేవాడు ఏసోబు. పేజీ నిండా దుమ్ము — చివరి వరస మీద తప్ప. చీటీ మీదున్న ఆ వంకర రాతే:

'213వ జత. పనిచేస్తోంది. 13-03-2025.'