వస పూసిన సంగతి

సుభాష్ గుంటలో పెరిగిన గడ్డి సగం కోసేసరికి ప్రవల్లిక స్కూటీ తోట గేటు దగ్గర ఆగింది. కోసిన ఆకుల ఘాటు రోడ్డు దాకా వచ్చింది. ఆ వాసన పట్టుకునే ఆమె లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"ఆపండి. ఏం కోస్తున్నారో తెలుసా అసలు?"

అతను గడ్డి కోసే మిషన్ ఆపాడు. బోరు తొట్టి నుంచి పొర్లిన నీళ్ళు నిలిచే బురదగుంట అది.

"తుంగ," అన్నాడు.

"తుంగ కాదండీ, వస. యూనివర్సిటీలో నా రీసెర్చ్ దీనిమీదే. దీనికోసం మైలవరం నుంచి వచ్చాను. పువ్వు దొరక్కపోతే నా థీసిస్‌లో ఒక చాప్టర్ ఖాళీ. మీరేమో మిషన్ పెట్టి చదును చేస్తున్నారు."

అతను మిగిలిన సగం వైపు చూశాడు. "అది ఉంచుతా," అన్నాడు.

ఆ రోజుకి అతని మాటలు అయిపోయాయి.

ఆ వస నాటింది అతని మామ్మ బసవమ్మ. చాట్రాయి చుట్టుపక్కల ఎవరింట్లో పురుడొచ్చినా ఆవిడ దగ్గరికే వచ్చి వసకొమ్ము పట్టుకెళ్తారు. తల్లిపాలతో సాన మీద అరగదీసి నాలుకకు రాస్తే పిల్లలకు మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. సుభాష్ ఎండిన కొమ్ములు చూశాడు గానీ పచ్చి మొక్కను ఏనాడూ పట్టించుకోలేదు. మామిడి రైతుకు మామిడి కానిదంతా కలుపే.

"మరి ఈయనకి రాయలేదా మామ్మగారూ?" అని ప్రవల్లిక అడిగింది.

"రాశానమ్మా. ఊళ్ళో అందరికీ పనిచేసింది," అంది బసవమ్మ.

అప్పటి నుంచి ప్రవల్లిక ప్రతి ఆదివారం పువ్వు కోసం వచ్చేది. గుంట గట్టున కూర్చుని బొమ్మలు గీసేది, మాట్లాడేది. ఎక్కువగా మాట్లాడేది. ఆదివారాలు సుభాష్‌కు తొట్టి దగ్గర పని ఎక్కువైంది. తొట్టికి అంత పనేముంటుందని ఎవరూ అడగలేదు.

"వరి, కొబ్బరి, అరటి, అల్లం, వెల్లుల్లి. ఇవన్నీ ఏకదళ బీజాలు. గింజలో ఒకటే బద్ద. ఇప్పుడు బతికున్న వాటిలో అన్నిటికంటే ముందు విడిపోయిన కొమ్మ మీ వసది."

"మామిడి?"

"మామిడి ఈ లెక్కలోకి రాదండీ. జీడి చీలిస్తే రెండు బద్దలు."

నూజివీడు గాలి పీలుస్తూ మామిడి లెక్కలోకి రాదన్న మనిషిని సుభాష్ అంతవరకూ చూడలేదు. అయినా క్షమించాడు.

"అయితే వస వరికి ముత్తాతా?"

"అందరూ చేసే తప్పే అది. ముత్తాత ఎప్పుడో పోయాడు. వస అక్క. తోడబుట్టిన వాళ్ళంతా ఒకవైపు ఉండిపోతే అక్క ముందే వేరు కాపురం పెట్టేసింది. తర్వాత వేరుపడింది కంద, చేమ, అంతరతామర వాళ్ళు. పువ్వు పోలిక చూసి వసను ఇదివరకు కందా చేమల ఇంట్లో కలిపారు. డీఎన్ఏ చూస్తే ఆ ఇంటి మనిషే కాదని తేలింది."

"అయితే ఒక్కతే ఉంటోందా?"

"కోట్ల ఏళ్ళుగా."

"పాపం," అన్నాడు సుభాష్.

ప్రవల్లిక గీయడం ఆపి అతని వైపు చూసింది. ఆ మాట ఆమె గైడ్ గారు కూడా ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక, తనకు ఆమె అంటే ఇష్టమని సుభాష్‌కు తెలిసిపోయింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

రసాల కోత అయిపోయి తొలకరి పడ్డ వారంలో వస పూసింది. ఆకు పక్క నుంచి చిటికెనవేలంత పచ్చటి కంకి. ఆమె గీసిన బొమ్మ చూసి ఉండకపోతే అతను దాన్ని పువ్వు అనేవాడు కాదు.

ఫోన్ తీశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చెప్తే వచ్చి కోసుకుంటుంది. కోసుకుంటే పని అయిపోతుంది. పని అయిపోయాక ఆమెకు చాట్రాయి దారి పట్టే అవసరమే ఉండదు. కాయలు మోసే గంప తెచ్చి కంకి మీద బోర్లించాడు.

ఆదివారం ఆమె వచ్చింది.

"పూసిందా?"

"లేదు."

"అదేంటి?"

"గంప."

"సరే," అంది ప్రవల్లిక.

వాన మొదలైంది. ఇద్దరూ మోటారు షెడ్డులోకి వెళ్ళారు. రేకుల మీద చినుకులు గోల చేస్తున్నాయి.

"ఇవాళ కూడా పువ్వు దొరక్కపోతే ఆ చాప్టర్ వదిలేసుకోవడమే సుభాష్ గారూ," అందామె.

అతను వానలోకి నడిచి గంప తీసేశాడు.

"పూసింది. కావాలనే చెప్పలేదు. చెప్తే మీరు ఇక రారు. తప్పే. కోసుకోండి." ఊపిరి తీసుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. పువ్వు పని అయిపోయినా వస్తే బాగుంటుంది."

అన్ని మాటలు అతను ఒకేసారి అనడం ఆ తోటలో చెట్లు కూడా విని ఉండవు.

ప్రవల్లిక సంచిలోంచి అట్టల మధ్య ఒత్తిపెట్టిన కంకి ఒకటి తీసి చూపించింది.

"పోయిన ఆదివారమే తొట్టి వెనక ఒకటి పూసింది. మీరు టీ తేవడానికి వెళ్ళినప్పుడు కోసుకున్నాను. చాప్టర్ రాసేశాను కూడా. వదిలేస్తానన్నది ఊరికే, మీ చేత గంప తీయిద్దామని."

"మరి ఇవాళ?"

వసపిట్టలా వాగే ఆమె అట్టలు మూసి సంచిలో పెట్టుకుంది. తడుస్తూ వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇవాళ పని లేకుండానే వచ్చానండీ," అంది చివరికి.

వాన తగ్గాక చూస్తే బసవమ్మ గునపంతో గుంట అంచున తవ్వుతోంది.

"ఎవరింట్లో పురుడు మామ్మా?" అన్నాడు సుభాష్.

బసవమ్మ గునపం గట్టున పెట్టింది. "అమ్మాయ్, వచ్చే ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?" అని ప్రవల్లికను అడిగింది.

"ఉంటారు మామ్మగారూ."

"అయితే మేమే వస్తాం." తవ్విన దుంపను తొట్టిలో కడిగి చూసింది. పెదవి విరిచి మళ్ళీ గునపం అందుకుంది. "దీన్ని ఇప్పటి నుంచే ఎండబెట్టాలి. పిల్లలు వీడి పోలిక వస్తే చిన్న కొమ్ము చాలదు."