మూడు తెడ్లు

"స్టవ్ పేలి చనిపోయాడని రిపోర్టు రాశారు," అన్నాడు చీఫ్. "వాడి దగ్గర అసలు స్టవ్వే లేదు."

చనిపోయింది డిపార్టుమెంటు కొరియర్. కాయక్ అనే సన్నటి పడవలో సరస్సు దాటుతూ చలికి తట్టుకోలేక, గుడారంలా మీద కప్పుకునే ఎమర్జెన్సీ షెల్టర్ కప్పుకున్నాడు. షెల్టర్‌తో సహా తునాతునకలయ్యాడు.

ఏజెంటు తాబేలు మ్యాపు ముందుకు లాక్కున్నాడు. ఇప్పుడు అదే సరస్సు మీదుగా అతను తీసుకురావాల్సింది సొంత అక్కని. విదేశీ ముఠా ల్యాబ్ నుంచి పారిపోయి వస్తున్న కెమిస్టు ఆమె.

"గైడ్ ఎవరు?"

"మందారం. డబుల్ ఏజెంటు. కానీ మన మనిషే."

తాబేలు మనసు కుదుటపడింది. మందారం మీద అతనికి నమ్మకమే కాదు, ఇష్టం కూడా.

అవతలి ఒడ్డున నీళ్లు చొరని ఎర్ర డ్రైసూట్‌లో మెరిసిపోతూ ఎదురొచ్చిందామె.

"చేపలు పడుతున్నాయా?"

"గాలం మర్చిపోయాను."

కోడ్ సరిపోయింది. చెట్ల చాటు నుంచి వచ్చిన అక్క ఆమెతో డబుల్ కాయక్ ఎక్కింది. తాబేలు వెనకాల సింగిల్‌లో బయల్దేరాడు.

నడిమధ్య దీవి దగ్గర డబుల్ కాయక్ తిరగబడింది. ఒడ్డుకి లాగేసరికి అక్క పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తాబేలు నారింజరంగు షెల్టర్‌ని ముగ్గురి మీదా కప్పి, లోపల మూడు తెడ్లనీ గుంజల్లా నిలబెట్టాడు. నేల చల్లదనం తగలకుండా లైఫ్ జాకెట్లు కింద పరుచుకుని కూర్చున్నారు. అక్కకి ఒంటి వేడి పోనివ్వని రేకు దుప్పటి చుట్టాడు.

మందారం హీట్ ప్యాక్ తీసి, అందులోని బిళ్లని టక్కున నొక్కి అక్క చేతిలో పెట్టింది. "గుండెకి హత్తుకోండక్కా, ప్రాణం లేచొస్తుంది. నేను కాయక్‌లు కట్టేసొస్తా."

ఆమె బయటికెళ్లగానే అక్క గొణిగింది. "ఒరేయ్, లోపల ద్రవం గడ్డకడితే వేడి రావాలి కదరా? ఇది రాయిలా ఉంది. వేడి మాత్రం లేదు."

కొరియర్ దగ్గర లేని స్టవ్ గుర్తొచ్చింది. తాబేలు ప్యాక్ లాక్కుని, షెల్టర్ అంచు ఎత్తి, బలం కొద్దీ నీళ్లలోకి విసిరాడు.

చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. సరస్సు లేచి షెల్టర్ మీద పడింది.

రివాల్వర్‌తో బయటికొచ్చాడు. మందారం అతని సింగిల్ కాయక్‌లో కూర్చుని చేతులతో నీళ్లు తోస్తోంది. పారిపోయే తొందరలో తెడ్లు షెల్టర్‌కి గుంజలయ్యాయన్న సంగతే మర్చిపోయింది. ఆమె తల దించుకుంది. అతనికి కోపం కన్నా బాధే ఎక్కువైంది. రివాల్వర్ గురిపెట్టి ఆమెని ఒడ్డుకి రప్పించాడు.

గస్తీ బోటుకి సిగ్నల్ పంపి, మందారం చేతులకి సంకెళ్లు వేశాడు. రేకు దుప్పటిలో వణుకుతూ అక్క అతని ముఖం చూసింది. చూడగానే అంతా అర్థమైపోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈసారి పిల్ల నచ్చితే ముందు నాకు చూపించరా."