దానం మాస్టారి కొట్లో టకటకలు

పి.గన్నవరం అక్విడక్టు దాటి కాలవగట్టు మీద కొంచెం ముందుకెళ్తే, మూతపడ్డ డీటీపీ సెంటర్ ఒకటుంది. పొద్దుగూకాక దాని ముందునుంచి ఎవరూ నడవరు. ధైర్యవంతులు కూడా నడవరు. వాళ్ళు సుగర్ తగ్గాలని చెప్పి చుట్టూ తిరిగి వెళ్తారు.

ఎందుకంటే చీకటి పడ్డాక ఆ షట్టరు వెనకాల చప్పుడవుతుంది. టక్... టక్... టక్... ఎవరో కీబోర్డు కొడుతున్నట్టు.

ఆ కీబోర్డు కొట్టే దానం మాస్టారేమో వేసవిలోనే పోయారు.

మాస్టారిది మహా మర్యాద. దారికి అడ్డంగా పడుకున్న కుక్కని కూడా "కాస్త జరుగుతారా?" అని అడిగేవారు. అలాంటాయన దెయ్యమైనా మనల్నేం చేస్తారు అంటే, ఊళ్ళో ఒప్పుకోరు. "అంత మర్యాదగా రమ్మని పిలిస్తే, వెళ్ళకుండా ఎలా ఉంటామండీ? మా భయమంతా అదే" అంటారు.

అలాంటి చోటికి మా సుప్రియక్క ఒక్కత్తీ వెళ్ళింది. తను చెప్పిందే చెబుతున్నాను.

అక్క కొత్తగా ప్రింటింగ్ షాపు పెట్టింది. మొదటి ఆర్డరు చర్చి పాటల పుస్తకం. క్రిస్మస్‌కి అందరి చేతుల్లో ఉండాలి. "మూడు వారాల్లో ఇచ్చేస్తానండి" అని పాస్టరుగారికి మాటిచ్చేసింది. ఆ పాటలన్నీ దానం మాస్టారు ఏళ్ళ తరబడి కూర్చుని టైపు చేసినవి. ఉన్నది ఆయన పాత కంప్యూటర్లోనే. కొట్టు గది ఓనరు ఆదినారాయణగారు అద్దె బాకీ కింద ఆ కంప్యూటర్ అమ్మేస్తున్నారని తెలిసి, అక్క వెంటనే కొనేసింది.

కొన్నాక తెలిసింది... దానికి పాస్‌వర్డ్ ఉందని. అది ఎవరికీ తెలీదని.

"ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు మెకానిక్. కొడితే పాటలూ పోతాయి. "డిస్కు విప్పి తీద్దాం, కానీ పాతది కదా, గ్యారంటీ లేదు" అన్నాడు. పోనీ ఊహించి కొడదామా అంటే, ఎనిమిది ఇంగ్లీషు చిన్నక్షరాల పాస్‌వర్డ్ అనుకున్నా ఇరవై వేల కోట్ల రకాలు. క్షణానికొకటి చొప్పున కొట్టినా ఆరు వేల ఏళ్ళు దాటుతుంది. పాస్టరుగారు అంత ఆగరు.

తెల్లారితే కంప్యూటర్ తీసుకెళ్ళడానికి ఆటో వస్తుంది. అక్కకి అంతవరకూ కాళ్ళు ఆగలేదు. మాస్టారు పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసిపెట్టారేమో చూద్దామని, ఆ సాయంత్రమే ఆదినారాయణగారి దగ్గర తాళంచెవి పుచ్చుకుని, కాలవగట్టు ఎక్కేసింది.

గట్టు మీద మనిషి లేడు. మంచు దిగుతోంది. షట్టరుకి బయట తాళం వేసినట్టే ఉంది.

లోపల్నుంచి మాత్రం... టక్.

అక్క ఆగింది.

టక్... టక్...

వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. పాస్టరుగారి ముఖం గుర్తొచ్చింది. తాళం తీసి, షట్టరు మోకాళ్ళ దాకా ఎత్తి, వంగి చూసింది —

చీకట్లో నీలం వెలుగు. ఆ వెలుగులో తెల్లచీర. చీర పైన ముఖం ఉండాల్సిన చోట... ఏమీ కనపడలేదు.

"ఎ... ఎవరండీ?" అంది అక్క. దెయ్యమైనా సరే, మనవాళ్ళ నోట అండీ రాకుండా ఉండదు.

"మీరెవరండీ?" గుసగుసగా వచ్చింది జవాబు.

"కంప్యూటర్... కొనుక్కున్నానండి."

తెల్లచీర కదిలింది. తల మీది ముసుగు జారింది. దానం మాస్టారి భార్య సలోమిగారు!

"నువ్వా సుప్రియా? లోపలికి రామ్మా. షట్టరు దించెయ్. ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"పిన్నిగారూ! ఇన్నాళ్ళూ ఆ టకటకలు మీరేనా?"

"వెనక తలుపు తాళం నా దగ్గర ఉందమ్మా. రోజూ వచ్చి ఒకటో రెండో పేర్లు కొట్టి చూస్తాను. రేపు పట్టుకుపోతారని తెలిసి, ఇవాళ ఆఖరుసారి వచ్చేను."

"పేర్లేంటండీ?"

సలోమిగారు తెర వైపు చూపించారు. పాస్‌వర్డ్ గడి కింద, మర్చిపోతే జ్ఞాపకానికని మాస్టారు రాసుకున్న మాట ఉంది: నాకు ఇష్టమైన పేరు.

"మొట్టమొదట నా పేరే కొట్టేను" అన్నారావిడ. "తెరుచుకోలేదు."

అక్క తెర దగ్గరికి ఇంకాస్త వంగింది.

"తర్వాత వాళ్ళమ్మగారి పేరు. అక్కగారి పేరు. బైబిల్లో ఉన్నవాళ్ళందరూ అయిపోయేరు. ఆఖరికి..." గొంతు ఇంకా తగ్గించారు, "క్వయిర్‌లో పాడే పుష్పలత పేరు కూడా కొట్టేను."

"తెరుచుకుందా?"

"లేదులే. ఆ రాత్రి మాత్రం బాగా నిద్రపట్టింది."

అక్క నవ్వాపుకుంది. ఆవిడ నవ్వలేదు. "ముప్పై ఏళ్ళు కాపురం చేసేనమ్మా. ఆయన మనసులో ఉన్న పేరెవరిదో తెలీకుండా ఈ పెట్టెని ఎలా పంపించను?"

అక్క కుర్చీలో కూర్చుంది. ఇంటర్ సెలవుల్లో ఆ కుర్చీలోనే మాస్టారి దగ్గర టైపు నేర్చుకుంది. మొదటిరోజు ఒక పెళ్ళికార్డు కొట్టి చూపిస్తే, ఆయన చదివి కళ్ళద్దాలు తీసేశారట. "పేరుని అలా ఒంటరిగా వదిలెయ్యకూడదమ్మా. పక్కన గారు లేకపోతే, నడిరోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబెట్టినట్టుంటుంది."

"పిన్నిగారూ... మీ పేరు ఎలా కొట్టేరు?"

"ఎలా ఏవిటి? సలోమి అని."

"గారు పెట్టలేదా?"

"నాకు నేనే గారు పెట్టుకుంటానా? ఆయనా పెట్టలేదులే. ఊరందరికీ గార్లు, కుక్కకి మర్యాదలు. నాకు మాత్రం 'ఏమే'!"

అక్క వేళ్ళు కదిలాయి. సలోమిగారు అని కొట్టి, ఊపిరి బిగబట్టి, ఎంటర్ నొక్కింది.

తెర ఒక్క క్షణం నల్లబడింది. తర్వాత... తెరుచుకుంది. పాటలన్నీ వరసగా, ఒక్కటీ పోకుండా.

సలోమిగారు తెర దగ్గరికి జరిగారు. తర్వాత ఆ తెరతోనే అన్నారట: "ఎవరూ చూడని చోట గారా? బతికుండగా ఒక్కసారి నోటితో అంటే మీ సొమ్మేం పోయేదండీ? తప్పు మీదా, కాదా?"

వెనక, కాగితం కట్టలున్న మూల చీకట్లోంచి... ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆయ్."

మగ గొంతు. నెమ్మదిగా, మహా మర్యాదగా.

అక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. సలోమిగారు మాత్రం వెనక్కి తిరగను కూడా తిరగలేదట. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ,

"ఇప్పుడా ఒప్పుకోవడం?" అన్నారట.