కింది కొస పట్టుకున్న మనిషి

ఆ మేడలో ఎవరికీ అలారంతో పనిలేదు. మూడో అంతస్తు ఇంటాయన ప్రార్థన మొదలుపెడితే రెండో అంతస్తులో పాలు తాగే పిల్ల కూడా ఉలిక్కిపడి లేచేది.

ఆయన గొంతు అలాంటిది. మైకు మొరాయించిన ఆదివారాల్లో పాస్టరుగారు వెనక్కి తిరిగి ఆయన వైపే చూసేవారు. సంఘంలో ‘బాకా అన్నయ్య’ అని పేరు పడిపోయింది. మొహం మీదే అంటారు, ఆయనా మురిసిపోతాడు. బీరువాలు, మంచాలు, భోజనం బల్లలు ఇళ్ళకు చేరవేసే కంపెనీలో ఆయన పని. అక్కడ కూడా గొంతే ఆయన ఆస్తి. మెట్ల మీదుగా బీరువా దించేటప్పుడు కింది కొస పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తాడు. వాడికి దారి కనపడదు. పై కొస పట్టుకున్నవాడు చూసి చెప్పాలి. "మెట్టు! ఇంకో మెట్టు! మలుపు! గుమ్మం, తలొంచు!" ఇన్నేళ్ళుగా పై కొస ఆయనదే, కేకా ఆయనదే.

ఆ రోజు కూడా మామూలుగానే తెల్లారింది. వంటింట్లో భార్య టీ వడగడుతోంది. ఆయన కూతురి గది ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, మూసిన తలుపుతో యుద్ధం చేస్తున్నాడు.

"అపవాదీ! ఈ ఇంటి మీద నీకు అధికారం లేదు! నా బిడ్డను పట్టిన బంధకాలు తెగిపోవాలి! ఇప్పుడే తెగిపోవాలి!"

కింది ఇంట్లోంచి చీపురు కర్రతో పైకప్పు మీద టకటకా కొట్టారు.

"ఏవండీ, సాతాను సంగతేమో గాని, కిందావిడ మాత్రం లేచింది," అంది భార్య.

"నీకు అన్నీ వేళాకోళాలే. ఇక్కడ నేను పోరాడుతున్నాను."

"ఎవరితో?"

ఆయన టీ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. తలుపు అవతల కూతురు గోడ వైపు తిరిగి పడుకునే ఉంది.

ఇంట్లో ఆ పిల్లను పండు అంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం చేసేది. వచ్చిన ముసలివాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు సర్ది, "ఇప్పుడు చూడండి తాతగారూ, మీ ఆవిడ ఇంకా అందంగా లేదూ?" అని నవ్వించేది. అలాంటి పిల్ల ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరితోనూ గొడవ లేదు. అడిగితే "అలసటగా ఉంది," అనేది. ఆ తర్వాత దుకాణం మానేసింది, జుట్టు దువ్వుకోవడం మానేసింది, చివరికి కిటికీ తెరవడం కూడా మానేసింది. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలు కెలికి లేచిపోతోంది.

తల్లి హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి. రోజంతా నిలబడి వచ్చి, కూతురి మంచం పక్కన కూర్చుని తల నిమిరేది. ఒకటికి పదిసార్లు భర్తతో అంది, "మనసుకి వైద్యం చేసే డాక్టర్లున్నారట. ఒక్కసారి చూపిద్దామండీ."

"దానికేం పిచ్చా?" అని ఒంటికాలి మీద లేచేవాడు ఆయన. "ఇది ఆత్మీయ యుద్ధమే! మాత్రలకు లొంగేది కాదు. విశ్వాసం ఉండాలి, విశ్వాసం!"

నిజానికి ఆయనకు భయం. ఎంతటి బరువైనా ఎత్తిన మనిషి, మంచం మీది పిల్లను లేపలేకపోతున్నాడు. ఆ భయం లోపల కదిలినప్పుడల్లా గొంతు ఇంకో మెట్టు పెంచేవాడు.

శనివారం మధ్యాహ్నం సంఘంలోంచి నలుగురు సహోదరుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ ఉపవాసంతో వచ్చారు, అందరూ మంచివాళ్ళే. ముందు గదిలో కుర్చీ వేసి పండును కూర్చోబెట్టారు. ఆ పిల్ల మాసిన నైటీ మీద తల్లి శాలువా కప్పుకుని తల వంచుకుంది. తల్లి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

అందరూ గొంతు కలిపారు. ఆయన కూతురి నెత్తి మీద చెయ్యి వేసి, వంగి, ఆ కళ్ళలోకే చూస్తూ అరిచాడు.

"వదిలిపో! నిన్నే! నా ఇంట్లోంచి వెళ్ళిపో! నీకిక్కడ చోటు లేదు!"

పండు తల ఎత్తింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూడడం అదే.

"నాన్నా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

సహోదరుల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నా కళ్ళలోకి చూసి అంటున్నావు. ఇక్కడ ఇంకెవరూ లేరు నాన్నా. నేనే ఉన్నాను."

"అది నువ్వు కాదు మాట్లాడేది!" అని అరవబోయాడు ఆయన. మాట సగంలో గొంతులో ఏదో చిరిగినట్టయింది. మళ్ళీ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని, నీళ్ళు తాగి, దగ్గి, మళ్ళీ ప్రయత్నించాడు. బాకా అన్నయ్య నోట చిన్న చప్పుడు కూడా లేదు. సహోదరులు మొహమొహాలు చూసుకున్నారు. ఏం చెయ్యాలో తోచక ఒకాయన కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. పండు లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన చొక్కా తొడుక్కుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, చేత్తో గొంతు చూపించి వీధి వైపు చూపించాడు. డాక్టరు దగ్గరికట.

భార్య చెప్పులేసుకుంటున్నదల్లా ఆగిపోయింది. చాలాకాలంగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"మీ గొంతు ఒక్క రాత్రి పోతే తెల్లారేసరికి డాక్టరు గుర్తొచ్చాడు. విశ్వాసం లేకా? దాని మనసు ఇన్ని నెలలుగా పోయిందే! దానికి మాత్రం అరుపులు చాలా? మీ గొంతులో పుండుంటే పుండు, దాని మనసులో పుండుంటే దయ్యమా?"

నోరున్న రోజుల్లో అయితే దానికి పది బైబిలు వాక్యాలు అప్పజెప్పేవాడు. ఇప్పుడు తల వంచుకుని వినాల్సి వచ్చింది. భార్య ఏడుస్తూనే తాళం వేసి, ఆయన వెంట నడిచింది.

గొంతు డాక్టరు అద్దంలో లోపలికి చూసి పెదవి విరిచాడు. బాగా వాచిందని, పుండు పడిందని, తాను మళ్ళీ చూసేదాకా గుసగుసలు కూడా ఆడకూడదని చెప్పాడు. "అరిస్తే ఇక గొంతు మీద ఆశ వదులుకోవడమే," అన్నాడు.

ఇంట్లో నిశ్శబ్దం అలవాటు కావడానికి కిందావిడకే ఎక్కువ కాలం పట్టింది. అంతా క్షేమమేనా అని ఒకరోజు పైకొచ్చి అడిగింది కూడా.

పనిలో ఇంకో చిక్కు. మాట లేనివాడికి పై కొస ఇవ్వరు. ఇన్నేళ్ళూ కింది కొస పట్టుకున్న జతగాడు పైకెక్కాడు, ఆయన కిందికి దిగాడు. ఆ జతగాడిని అందరూ నత్త అంటారు, అంత నిదానం. ఆ రోజు నాలుగో అంతస్తు నుంచి అద్దాల బీరువా దించుతున్నారు. ఆయన బరువంతా ఛాతీకి ఆనించుకుని వెనక్కి అడుగువేశాడు. వెనక ఏముందో తెలియదు. అడుగేస్తే మెట్టుందో లేదో తెలియదు. "చెప్పరా!" అని అరవాలనిపించింది. అరిచే వీలు లేదు.

"మెట్టు అన్నా," అన్నాడు నత్త, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా. "భయపడకు. నేను చూస్తున్నాగా. నువ్వు పట్టుకో, చాలు."

కిందికి దిగేసరికి చొక్కా తడిసిపోయింది. ఇన్నేళ్ళూ ఈ నత్తగాడు తన కేకను నమ్ముకుని ఇలా వెనక్కి నడిచాడా అని ఆశ్చర్యపోయాడు. తానైతే ఎవర్ని నమ్మి ఒక్క అడుగు వెనక్కి వేశాడు? దేవుడితో కూడా పై కొస పట్టుకునే మాట్లాడాడు. ఇప్పుడే తెంచు, ఇప్పుడే లేపు అని దేవుడికే దారి చెప్పాడు.

ఆ సాయంత్రం కూతురి గది తలుపు తోశాడు. లోపల చీకటిగా, ముక్కిన వాసనతో ఉంది. మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ప్రార్థన చేద్దామనుకున్నాడు. "ప్రభువా" అనుకున్నాక ఇంకో మాట దొరకలేదు. చప్పుడు లేని ప్రార్థన ఎంత చిన్నదిగా ఉందో! ఇది అసలు పైకి చేరుతుందా అని దిగులేసింది. ఇన్నాళ్ళూ దేవుడికి వినపడాలని అరిచాడా, తన భయం తనకే వినపడకుండా అరిచాడా? ఏదీ తేలక అలాగే కూర్చుండిపోయాడు. మరుసటి సాయంత్రం కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. ఆయన చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఒకరోజు పండు గోడ వైపు తిరిగే మాట్లాడింది.

"నాన్నా, నేను ప్రార్థన చెయ్యడం లేదనుకుంటున్నావా? రోజూ అడుగుతాను. లేచి మొహం కడుక్కునేంత బలం ఇవ్వమని. అంతే అడుగుతాను. అది కూడా రాదు."

ఆయన మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"రాకపోయేసరికి, నాలో నిజంగానే ఏదో ఉందేమో అనిపించేది. నువ్వు తలుపు దగ్గర పొమ్మని అరిచినప్పుడల్లా, పోవాల్సింది నేనేనేమో అనుకునేదాన్ని. నేను పోతే ఇల్లు బాగుపడుతుందేమో అని."

ఆయన ఇన్నాళ్ళూ అపవాదితో పోరాడుతున్నానని ఛాతీ విరుచుకున్నాడు. ఆ మాటలన్నీ తలుపు దాటి ఎవరికి తగిలాయో ఇప్పుడు తెలిసింది. కాదమ్మా, నువ్వు కాదు తల్లీ, నువ్వు పోతే నాకేముంది అని చెప్పాలి. చెప్పడానికి గొంతు లేదు. మంచం అంచున వేలాడుతున్న కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. చప్పుడు లేకుండా ఏడ్చే మగవాణ్ణి ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. ఇటు తిరిగింది.

"ఏడవకు నాన్నా," అంది. ఆ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆయన కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళాడు. భార్య ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎవరికి చెయ్యమంటారు? పాస్టరుగారికా?"

తల అడ్డంగా ఊపాడు. కూతురి గది వైపు చూపించాడు. తన గొంతు మీద చెయ్యి వేసి, ఆ చేతినే గుండె మీదికి దించాడు. రెండు చేతులూ జోడించాడు.

భార్యకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎప్పుడో రాసి పెట్టుకున్న మనసు డాక్టరు నంబరు వెతికింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పండు లేచింది, తల్లి జడ వేసింది. అంతవరకూ బాగానే ఉంది. గడప దాటి మెట్లు చూడగానే ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయింది.

"నావల్ల కాదమ్మా. ఇన్ని మెట్లా? నేను పడిపోతాను."

తల్లి దిక్కుతోచక భర్త వైపు చూసింది. ఆయన ఒక మెట్టు దిగాడు. దిగి, కూతురి వైపు తిరిగి నిలబడ్డాడు. కింది కొస పట్టుకునే మనిషిలా రెండు చేతులూ చాపాడు. ఆ చేతుల్లో పండు తన చేతులు పెట్టింది. ఆయన వెనక్కి నడవడానికి కాలు జాపి, మెట్టు దొరక్క తడబడ్డాడు.

"నాన్నా, పడతావు! మెట్టుంది!" అంది పండు కంగారుగా.

ఆయన ఆగి, చెప్పమన్నట్టు చూశాడు. చిన్నప్పుడు తండ్రి పనిలో వేసే కేకలే వేస్తూ ఇంట్లో బొమ్మలతో ఆడుకున్నదే ఆ పిల్ల. ఆలస్యంగానైనా అర్థమైంది.

"మెట్టు," అంది. ఇద్దరూ దిగారు. "ఇంకో మెట్టు. ఆగు... ఇప్పుడు మలుపు." ఆ గొంతు బొంగురుగా, వాడక తుప్పు పట్టినట్టుగా ఉంది. అయినా మెట్టు మెట్టుకీ చెప్తూనే ఉంది. వెనకాల తల్లి సంచీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగుతోంది. రెండో అంతస్తులో కిందావిడ తలుపు తీసి చూసి, మాట్లాడకుండా పక్కకు తప్పుకుంది.

కింది మెట్టు దాకా వచ్చాక పండు కూలబడిపోయింది. ఒళ్ళంతా వణుకుతోంది.

"ఇంక కాదు నాన్నా. ఉన్న బలమంతా అయిపోయింది."

పాత రోజుల్లో అయితే లే అని గర్జించేవాడు. ఇప్పుడు పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల వంచాడు. ప్రభువా, దీనివల్ల కావడం లేదు. నావల్లా కావడం లేదు. ఇన్నాళ్ళూ అవుతుందనే అరిచాను. నా చేతిలో ఏమీ లేదు తండ్రీ, నువ్వు చూస్తున్నావని నమ్మడం తప్ప. నువ్వే పట్టుకో. చప్పుడు లేకుండా పెదవులు మాత్రం కదులుతున్నాయి.

పండు ఆ పెదవులనే చూస్తూ కూర్చుంది. అవి ఆగాయి.

"అయిందా?" అని అడిగింది.

ఆయన తల ఊపాడు.

"ఆమేన్," అంది పండు.

ఈ ఇంట్లో ఇన్ని నెలలుగా ఆయన అంత గట్టిగా చేసిన ప్రార్థనల్లో ఒక్కదానికి కూడా ఆ మాట అనని పిల్ల. తల్లి ఇక ఆపుకోలేక మెట్ల మీదే ఏడ్చేసింది. ఆయన కూతురి తలను భుజానికి ఆనించుకున్నాడు. ఆ పిల్ల వణుకు ఆగలేదు. ఆగుతుందో లేదో, ఎప్పుడాగుతుందో ఆయనకు తెలియదు.

కొంతసేపటికి పండు గోడ పట్టుకుని లేచి, చెయ్యి చాపింది.

"లే నాన్నా. ముందు గుమ్మముంది, తలొంచు."