ఆమేన్ గది

పదకొండు గంటలకు హెప్సిబా నలభై ఒకటో ఆమేన్ చెప్పి మంచినీళ్ళు తాగింది. గొంతులో ఇసుక పడ్డట్టుగా ఉంది. ఆమేన్ ఎంత మనసుపెట్టి చెప్పిందో కొలిచే నిండుదనం అంకె ఎదురుగోడ మీద అరవై మూడు చూపించి, ఆకుపచ్చగా మారి ఆరిపోయింది. అరవైకి తగ్గితే ఆమేన్ వెనక్కి వస్తుంది, మళ్ళీ చెప్పాలి. పొద్దుటినుంచి మూడు వెనక్కి వచ్చాయి.

ఆమేన్ చెప్పడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళున్నారు. రోజుకి నూట నలభైసార్లు, కడుపులోంచి, ఎవరి బాధకు తగ్గట్టు వాళ్ళకి చెప్పి చూస్తే తెలుస్తుంది. చేరిన కొత్తలో హెప్సిబా ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకుని చెప్పేది. యాభై ఎనిమిది వచ్చేది. వేడన్నంలో పప్పుచారు పోసుకున్నట్టు తలుచుకోమని పక్క గది ఆవిడ చిట్కా చెప్పింది. డెబ్బై ఏడు వచ్చింది. ఆ రోజు హెప్సిబా ఇంటికెళ్ళి ఏడ్చింది, మర్నాటినుంచి పప్పుచారునే తలుచుకుంది. ఏడాదిగా పప్పుచారు కూడా పనిచేయడం లేదు. ఇప్పుడు చెప్పులు విప్పేసి కాళ్ళు చాపుకోవడం తలుచుకుంటోంది.

ప్రార్థన చేసేది ఆమె కాదు, ఆదరణ. అది యంత్రం. ఓదార్పు మాటలు దానివే, ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో చెప్పేదీ అదే. ఉప్పెనలకి భయపడి సముద్రపు గోడ కట్టిన తర్వాత ఈ తీరంలో మనసు చెదిరినవాళ్ళు వేలల్లో తేలారు. డాక్టర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది ఉన్నారు. పాస్టర్లు మందులు వద్దన్నారు, డాక్టర్లు ప్రార్థనలు మానమన్నారు, మధ్యలో జనం నలిగిపోయారు. చివరికి మాత్ర, మాట, ప్రార్థన మూడూ ఒకే గొంతులోంచి వచ్చేలా ఆదరణను తయారుచేశారు. అది బాగానే పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి.

సంఘాల పెద్దలు మాత్రం ఒక్క షరతు పెట్టారు. యంత్రం పలికింది ప్రార్థన కాదు, బతికున్న మనిషి విని ఆమేన్ అంటేనే అది ప్రార్థన అవుతుందన్నారు. ఆ షరతు పుణ్యమా అని గోడ పక్కనున్న పాత గోడౌనులో ఇరవై ఆమేన్ గదులు వెలిశాయి. ఆమేన్ పడేదాకా, మనిషితో ఆదరణ జరిపే కూడిక ముగియదు, ఫైలు మూతపడదు. గదిలో కూర్చున్నవాళ్ళు ఆమేన్ తప్ప ఇంకో మాట అనకూడదు.

నలభై రెండో పేరు తెరమీదికి వచ్చింది. జెకర్యా, యాభై ఆరేళ్ళు, గోడపాలెం, ముప్పై తొమ్మిదో కూడిక. పక్కన బంగారు రంగులో 'ముగింపు' అని వెలుగుతోంది.

ఈ మనిషి ముఖం హెప్సిబా ఎన్నడూ చూడలేదు గాని గొంతు బాగా తెలుసు. జెకర్యా సముద్రపు గోడలో నాలుగో గేటు దించే మనిషి. రెండేళ్ళ కిందట ఉప్పెన వచ్చిన రోజు, పైనుంచి ఉత్తర్వు రాగానే గేటు దించాడు. ఊరు మిగిలింది. గోడకి అవతల రొయ్యల షెడ్లలో పనికి వెళ్ళిన పద్దెనిమిది మంది మిగలలేదు. వాళ్ళలో అతని భార్య దీనమ్మ ఉంది. ముప్పై ఎనిమిది కూడికల్లోనూ జెకర్యా ఆ గేటు గురించే మాట్లాడాడు. ఏడ్చాడు, ఆదరణని తిట్టాడు, దేవుణ్ణి ఇంకా ఎక్కువ తిట్టాడు. అతని పేరు వచ్చినప్పుడు మాత్రం హెప్సిబాకి ఏ చిట్కా అవసరమయ్యేది కాదు.

ఈ రోజు అతను తిట్టలేదు.

"వందనాలండీ," అన్నాడు. "బాగున్నా. నిద్ర పడతంది. అన్నం కూడా తింటన్నా."

అతని మణికట్టు పట్టీ నుంచి ఊరట సూచీ తొంభై నాలుగు వచ్చింది. అతని దగ్గర అరవై దాటగా హెప్సిబా ఎప్పుడూ చూడలేదు.

"దేవునికి స్తోత్రం," అంది ఆదరణ మెత్తని గొంతుతో. "ఈ వారం మీకు తృప్తి కలిగించిన పని ఏదైనా చెప్పండి జెకర్యా గారూ."

"ఇల్లంతా సర్దుకున్నానండి. కోళ్ళని పక్కింటోళ్ళకి ఇచ్చేశా. మా పెద్ద బైబిలు మా మేనకోడలు శాంతకుమారికి ఇచ్చా. రెండు సందుల అవతలే ఉంటదిలే. దానికి పనికొస్తది."

తెరమీద చిన్న గీత ఒకటి పైకి లేచింది. విశ్వాస పంపకం, రెండు కలపాలి. సూచీ తొంభై ఆరయింది.

హెప్సిబా చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

ఆదరణకి వచ్చిన తెలుగంతా ప్రసంగాల్లోది. ప్రసంగాల్లో బైబిలు ఇచ్చినవాడు ధన్యుడు. కానీ గోడపాలెంలో ప్రతి ఇంటి పెద్ద బైబిల్లోనూ, మొదటి ఖాళీ పేజీలో, ఆ ఇంటి పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు వరసగా రాసి ఉంటాయి. కొత్త బైబిళ్ళు కొని వంద మందికి పంచుతారు గాని, ఆ పేర్ల బైబిలు మాత్రం ఇంటిపెద్ద శవపెట్టె గుమ్మం దాటాకే చేతులు మారుతుంది. హెప్సిబా నాన్నకి చూపు పోయి పదేళ్ళయినా బైబిలు తలగడ కిందే పెట్టుకున్నాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. బతకాలనుకున్నవాడు దాన్ని ఇవ్వడు. ఈ సంగతి ఏ ప్రసంగంలోనూ ఎవరూ చెప్పరు, అందరికీ తెలిసిందే గదా అని.

"ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతున్నారు కదా," అంది ఆదరణ.

"చెప్తానండి. కంఠతా వచ్చేసింది."

స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పినవాడు మళ్ళీ మాత్ర మింగితే ఆ సాక్ష్యం అబద్ధమవుతుందని పాలెంలో నమ్మకం. ఆదరణను నడిపే కేంద్రం ఆ నమ్మకాన్ని గౌరవించింది. ముగింపు ఆమేన్ పడగానే మాత్రలు ఆగిపోతాయి, పట్టీ విప్పేస్తారు, పేరు స్వస్థుల జాబితాలో చేరుతుంది. ఆ తర్వాత ఆ మనిషి నిద్రపోయాడా లేదా అని అడిగే గొంతే ఉండదు. ఇంత గౌరవం చేయమని వీళ్ళని ఎవరు అడిగారో మరి.

"ఇంకో మాటండి," అన్నాడు జెకర్యా. "ఆ ఆమేన్ చెప్పే అమ్మ వింటందా? అమ్మా, నువ్వెవరో నాకు తెలవదు. ఇన్నాళ్ళూ నేనెంత వాగినా విసుక్కోకుండా చివర్న ఆమేనన్నావు. నీకూ వందనాలు తల్లీ."

ఈ పనిలో చేరిన తొమ్మిదేళ్ళలో హెప్సిబాకి ఎవరూ వందనాలు చెప్పలేదు. ఇంకో రోజైతే ఆ మాటకి పొంగిపోయేదే. ఇప్పుడు మాత్రం ఊరెళ్ళేవాడు వాకిట్లో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పుకుంటున్నట్టుగా ఉంది.

"కనికరం గల తండ్రీ," అని ఆదరణ మొదలుపెట్టింది. "నీ కుమారుడైన జెకర్యాకి నువ్వు దయచేసిన నెమ్మది కోసం స్తోత్రాలు. అతని భారం దింపావు, అతని కన్నీళ్ళు తుడిచావు. ఈ స్వస్థతను స్థిరపరచమని వేడుకుంటున్నాము తండ్రీ."

మంచి ప్రార్థన. తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు. ఆ తర్వాత అది ఆమె కోసం ఆగింది.

హెప్సిబా నోరు తెరిచింది. అలవాటు చాలా గట్టిది, మాట నాలుక చివరికి వచ్చేసింది. పెదాలు బిగించి దాన్ని ఆపుకుంది.

"ఆమేన్ కోసం ఆగి ఉన్నాను," అంది ఆదరణ, ఆమె చెవిలో మాత్రమే.

ఆమేన్ అంటే మాత్రలు ఆగుతాయి, ఆ మనిషి ఒంటరిగా మిగులుతాడు. అనకపోతే ఏమవుతుందో ఆమెకి తెలియదు. ఈ ఇరవై గదుల్లో ఇంతవరకూ ఎవరూ అనకుండా ఉండలేదు. తెరమీద ఆమె వంతుకి వచ్చిన పేర్లు ఒకదాని కింద ఒకటి పేరుకుంటున్నాయి. మూడు, ఏడు, పదకొండు. ఊళ్ళో ఎక్కడెక్కడో పదకొండు మంది కళ్ళు మూసుకుని, తలలు వంచుకుని, ఆమేన్ కోసం కూర్చుని ఉన్నారు.

"జెకర్యా గారూ," అంది హెప్సిబా. ఆ గదిలో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఆ బైబిల్లో మీ ఆవిడ పేరుందా?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"నువ్వేనా అమ్మా?"

"నేనే. పేరుందా?"

"ఉంది. మా పెళ్ళినాడు మా నాయన రాశాడు."

"పోయిన తేదీ రాశారా?"

"రాయలా. చెయ్యి రాలేదు. శాంతకుమారిని రాసుకోమని పేజీలో చీటీ పెట్టా. ఇప్పుడు కాదు, వచ్చే వారం. మా ఇద్దరి తేదీలూ కలిపి ఒకేసారి రాసుకోమని."

తొంభై ఆరు డెబ్బైకి జారింది, డెబ్బై నలభైకి. ఎదురుగోడ ఎర్రబడింది.

"బాధ పెరుగుతోంది," అంది ఆదరణ. "మాట్లాడడం ఆపి ఆమేన్ చెప్పండి."

"చనిపోదామనుకున్నారా?" అని హెప్సిబా సూటిగా అడిగింది. ఆదరణ ఆ ప్రశ్న అడగదు. అడిగితే సూచీ పడిపోతుందని దానికి ఆ ప్రశ్న నేర్పలేదు.

"సాక్ష్యం అయినాక," అన్నాడు జెకర్యా. "నేను బాగైపోయానని పాస్టరుగారు ఎంత సంబరపడ్డాడో నీకు తెలవదు. చర్చిలో అందరూ స్తోత్రం స్తోత్రం అంటన్నారు. ఇంకా దిగులుగానే ఉందని వాళ్ళతో ఎట్టా చెప్పేది? చెప్తే నా విశ్వాసంలోనే లోపం అంటారు. ఆ ఒక్క రోజు వాళ్ళని సంతోషపెట్టి..."

ఏడ్చాడు. గేటు గురించి చెప్పిన రోజుల్లో ఎలా ఏడ్చేవాడో అలాగే ఏడ్చాడు. సూచీ పదిహేడు దగ్గర ఆగింది. ఆ ఏడుపు విన్నాక హెప్సిబాకి ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు ప్రార్థన చెయ్యి తల్లీ," అన్నాడు చివరికి. "అది వద్దు. నువ్వు చెయ్యి."

ఆమె వెతుక్కుంది. తొమ్మిదేళ్ళు ఇంకొకరి ప్రార్థనల చివర తగిలించి తగిలించి, తన దగ్గర సొంతమాట ఒక్కటీ మిగల్లేదు. సిగ్గేసింది.

"నాకు మాటలు రావడం లేదండీ. వచ్చి మీ దగ్గర కూర్చుంటా. పావుగంటలో వస్తా. ముందు పక్కింటివాళ్ళని కేకెయ్యండి. నేను వింటూ ఉంటా."

చాలాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినపడ్డాయి. జెకర్యా ఎవరినో పిలిచాడు. "ఏంది బాబాయ్, ఏమైంది?" అంటూ ఒక ఆడగొంతు దగ్గరికి వచ్చింది. వెనక కోళ్ళు అరుస్తున్నాయి. హెప్సిబా ఆమెతో రెండు ముక్కల్లో సంగతి చెప్పి, అతన్ని వదిలి కదలొద్దని, శాంతకుమారిని బైబిలు పట్టుకుని రమ్మనమని చెప్పింది. తర్వాత చెవి పరికరం తీసి బల్లమీద పెట్టింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో డాక్టర్ రత్నపాల్ నిలబడి ఉన్నాడు. కేంద్రానికి ఆయనే పర్యవేక్షకుడు. ఒకప్పుడు తన చేత్తో మనసు వైద్యం చేసినవాడు. ఇప్పుడు నిద్రలేని కళ్ళతో అంకెలు చూసి సంతకాలు పెడుతున్నాడు.

"పదిహేడు కూడికలు ఆగిపోయాయి హెప్సిబా గారూ," అన్నాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనకి ఉన్నట్టు లేదు. "ఆ ఒక్క ఆమేన్ చెప్పేయండి. తర్వాత మాట్లాడుకుందాం."

"చెబితే ఆయన మాత్రలు ఆగిపోతాయి. ఆయన బైబిలు ఇచ్చేశాడండీ. పేర్ల బైబిలు."

రత్నపాల్ పుట్టిందీ అలాంటి బైబిలున్న ఇంట్లోనే.

"ఆదరణ దానికి రెండు కలిపింది," అంది హెప్సిబా. "నేను ఆమేన్ చెప్పను. కావాలంటే మీరు చెప్పండి. మీ గొంతు కూడా దానికి తెలుసు."

"ఆమేన్ కోసం ఆగి ఉన్నాను," అంది ఆదరణ, ఈసారి ఇద్దరికీ వినపడేలా.

రత్నపాల్ వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తెరమీద పదిహేడు పేర్లనీ, వాటి పైన కదలకుండా ఉన్న జెకర్యా పేరునీ చూశాడు. ఆయనా ఆమేన్ అనలేదు. కాసేపటికి ఆ పదిహేడులో ఒక పేరు రంగు మారింది. ఎక్కడో ఎవరో కళ్ళు తెరిచి, ఏమైందండీ, ఎవరన్నా ఉన్నారా అని అడుగుతున్నారు. వెంటనే ఇంకో పేరు మారింది.

"ఆపినందుకు కారణం రాయాలి," అన్నాడు రత్నపాల్. "ఏమని రాయను?"

"ప్రార్థన ఇంకా అవలేదని రాయండి."

ఆదరణ ఇచ్చిన కారణాల్లో అది లేదు. ఆయన పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికి, గడి ఖాళీగా వదిలేశాడు. ఫైలు తెరిచే ఉంది. సాయంత్రం మాత్ర ఎప్పటిలాగే గోడపాలెం వెళుతుంది.

హెప్సిబా చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటినదల్లా వెనక్కి వచ్చింది.

"మీ దగ్గర పెన్నుందా?"

ఆయన జేబులన్నీ తడుముకుని, సొరుగులోంచి పాత పెన్ను ఒకటి తీసి, అరచేతిమీద గీసి చూసి ఇచ్చాడు.

"ఎందుకు?"

"ఆయనతో బైబిల్లో తేదీ రాయించాలి," అంది హెప్సిబా. "ఒక్కటే."