జానెడు తక్కువ

గద్వాల నుంచి వడ్డేపల్లి పోయే తొవ్వల పాడుబడ్డ కొఠీ ఒకటుంది. పొద్దుగూకినంక కొత్తబట్ట పట్టుకొని ఆ గోడల పక్కకెల్లి ఎవరూ పోరు. పోవాలంటే అంచుకు పసుపు పెట్టుకొని పోతరు. పసుపు లేని కొత్తబట్ట పీనుగు బట్టే కదా... దాని కోసమే గజం దొర కాచుకొని ఉంటడట.

మూడు వందల యాభై ఏండ్ల కింద ఆ ఇంగ్లీషు దొర ఓడెక్కి వచ్చి, ఈ కొఠీల కూసొని బట్టలు కొనేటోడు. ఇనుప గజంతోని కొలిచి, ఎవరిదైనా జానెడు తక్కువని పైసలు కోసేటోడు. ఒక నేతగాని పెండ్లాం చచ్చిపోతే, "నేను నేసిందే దొరా, కప్పనీకి జానెడన్న ఇయ్యి" అని కాళ్ల మీద పడ్డడట. దొర ఇయ్యలే. ఆమెను బట్ట కప్పకుండ ఉత్తగనే మన్నుల పెట్టిన్రు.

దొర వాళ్ల దేశం పోయి రాజు సభల కూసున్నడు. పాలరాతి గోరీ కట్టించుకున్నడు. కానీ సచ్చిన్నాడు ఎన్ని పట్టుబట్టలు కప్పినా కాళ్లకు జానెడు తక్కువే అయ్యిందట.

సముద్రం అవతల సచ్చినోడు ఈడిదాంక ఎట్ల నడిచొచ్చిండో... నాకిప్పటికీ తెల్వదు.

మా తమ్ముడు మల్లన్న ఇవన్నీ నమ్మడు. బిడ్డ అమూల్య పెండ్లిచీర తానే నేసిండు. పెండ్లోళ్లంతా ముందే వడ్డేపల్లి పోయిన్రు. తెల్లారితే లగ్గం. చీర మగ్గం మీదకెల్లి దిగేసరికి రాత్రి పది దాటింది.

"మల్లిగా, జర పసుపు పెట్టి పోరా" అన్న.

"ఆడ నీ మరదలు పెడ్తది తియ్యక్కా. దొరకు నాతోని ఏం పని" అని నవ్వుకుంట బండెక్కిండు.

అటెంక జరిగింది ముందుగాల నాకే చెప్పిండు.

కొఠీ కాడికి రాంగనే బండి ఆగిపోయింది. ఎనక చీర మూటను ఎవరో మెల్లగ గుంజుతున్నరు...

మెడకు సల్లటి ఇనుము ఆనింది.

"జానెడు—"

మల్లన్న మూటను కడుపుకు హత్తుకున్నడు. "ఇది నా బిడ్డది. ముట్టకు... నా తువ్వాల తీస్కో."

మెడల తువ్వాల దానంతట అదే జారిపోయింది. బండి మల్ల కదిలింది.

తెల్లారి మేం కొఠీ కాడికి పోయి చూస్తే తుమ్మకంపకు తువ్వాల ఏలాడుతుంది. పక్కనే విరిగిన కిటికీ చువ్వ. "నీ దొర తుమ్మకంపనేనా అక్కా" అని పందిట్ల అందరూ నవ్విన్రు. నేనూ నవ్విన. చీర ఒక్క పోగు తగ్గలే. తువ్వాలే జానెడు తక్కువుండె. ముల్లుకు చినిగిందనుకున్నం.

మొన్న ఎండకాలం మల్లన్న గుండె ఆగి పోయిండు. చుట్టాలు పదకొండు కొత్తబట్టలు తెచ్చిన్రు. తల కప్పితే పాదాలు బయటికే... ఒకటి తీసి ఇంకొకటి కప్పినం. అన్నీ గట్లనే.

ఆఖరుకు నా కొంగు చింపి పాదాలకు కప్పిన. సరిపోయింది.

గప్పటిసంది నేను ఏ చీర కట్టినా... జానెడు తక్కువొస్తుంది.