బొగ్గుల గదిలో కుక్క

హోటల్ యజమాని బొగ్గుల గదిలో వెల్లకిలా పడున్నాడు. గొంతు చీలిపోయింది. నెత్తురు బొగ్గు బస్తాల కిందికి పారి గడ్డకట్టింది.

శవం పక్కనే ఓ నల్లకుక్క. దూడంత ఉంది. మూతి నిండా నెత్తురు.

"చూస్తున్నారుగా మేడమ్! ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు మేనేజర్. చచ్చినాయనకి స్వయానా బావమరిది. కుడి చేతికి గుడ్డ చుట్టుకుని, ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటలేదు. రౌడీల్ని కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చే మనిషికి కుక్కంటే గుండెలు జారిపోతాయి. స్టేషన్‌లో అందరికీ తెలుసు. పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"ముందు దాన్ని బయటికి తీయండి," అంది.

కుక్కని పెంచుకుంటున్న టైలరమ్మ లోపలికెళ్ళింది. "రారా బండోడా," అంది. అంత కుక్కా తోక ముడుచుకుని ఆమె వెనకే వచ్చేసింది.

అది కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చి తినే హోటల్. ప్రతి బల్ల మధ్యలో బొగ్గుల పొయ్యి. రొయ్యలు, పీతలు, చేపముక్కలు ఎవరివి వాళ్ళే కాల్చుకోవాలి. కుక్కకి ఉప్పు లేకుండా ఉడికించిన చేప వేరే గిన్నెలో పెడతారు. గొలుసు బల్ల కాలికున్న కొక్కేనికి తగిలించాలి. యజమాని అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న రూల్ ఒకటుంది. బల్ల దగ్గర తప్ప ఎక్కడ అడుగేసినా కుక్క మూతికి చిక్కం ఉండాల్సిందే.

మధ్యాహ్నం రెండయింది. బయట వాన. తినడానికి వచ్చినవాళ్ళు ఇద్దరే. టైలరమ్మ, పక్క బల్ల దగ్గర ఓ బస్సు డ్రైవర్.

మేనేజర్ పిలిపించిన జంతువుల డాక్టర్ ఇంజెక్షన్ సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. "మనిషిని చంపిన కుక్కని ప్రాణాలతో ఉంచకూడదు మేడమ్. మీరు ఊఁ అంటే రెండు నిమిషాల పని."

టైలరమ్మ బండోడి మెడ వాటేసుకుని నేల మీద కూలబడింది.

"ఆగండి డాక్టర్‌గారూ. ఇంకో అరగంట బతికితే కొంపలేం మునిగిపోవు," అంది ఇన్‌స్పెక్టర్. కుక్క లేని గదిలోకి ఇప్పుడు ధైర్యంగా వెళ్ళింది.

శవం మీదికి వంగింది. గొంతు మీద మూడు చీలికలు, పక్కపక్కనే. అంచులు కమిలి నల్లబడి ఉన్నాయి. బొగ్గు మసేమో అనుకుని తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. మాంసం మాడిన వాసన గుప్పున కొట్టింది.

మూలన బొగ్గులు లాగే ఇనప కడ్డీ ఆనించి ఉంది. దానికి మూడు కొక్కేలు.

ఆమె హాల్లోకి వచ్చి మేనేజర్‌ని పిలిచింది.

"ఏం జరిగింది?"

"ఈవిడ చేతులు కడుక్కోవడానికెళ్ళింది మేడమ్. వెంటనే ఇది గొలుసు విడిపించుకుని, నోరు తెరుచుకుని బొగ్గుల గదిలోకి దూసుకెళ్ళింది. నేను పరిగెత్తేలోపే బావ గొంతు పీకేసింది."

"నీ చేతికేమైంది?"

"పొయ్యి దగ్గర కాలింది."

"అప్పుడు వంటాయనెక్కడున్నాడు?"

"నా ఎదురుగానే పీతలు కొడుతున్నాడు మేడమ్, కదల్లేదు," అన్నాడు బస్సు డ్రైవర్, అడక్కుండానే.

ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు తిరిగింది. "ఈ కుక్క పరిగెత్తడం మీరు చూశారా?"

"పరిగెత్తడమా? లేదే! మా కుక్క బుజ్జిగాడు బల్ల కింద ముల్లు మింగబోతుంటే వంగి లాగుతున్నా. మా పక్క నుంచే నడిచెళ్ళింది. మావాడు భయపడతాడేమోనని చూశా. చిక్కం ఉంది కదా, ఫర్వాలేదనుకున్నా."

"చిక్కం ఉందా?"

"ఉంది. పక్కన రబ్బరు బూట్లు కూడా కనిపించాయి. హోటల్ వాళ్ళెవరో తీసుకెళ్తున్నారులే అనుకున్నా. రోజూ చూసేదేగా, ప్రత్యేకంగా చెప్పడానికేముంది?"

ఇన్‌స్పెక్టర్ టైలరమ్మ దగ్గరికొచ్చి, కుక్కకి రెండు గజాల దూరంలో ఆగింది. "అమ్మా, బల్ల దగ్గర చిక్కం తీసిందెవరు?"

"నేనే. తీసి బల్ల కొక్కేనికి తగిలించా. ఇప్పటికీ అక్కడే ఉంది."

ఇన్‌స్పెక్టర్ అందరికీ వినబడేలా అంది. "ఈ బండోడు తన చిక్కం తనే పెట్టుకున్నాడు. బుద్ధిగా బొగ్గుల గదికి నడిచాడు. అక్కడ చిక్కం విప్పుకున్నాడు, గొంతు కొరికాడు, మళ్ళీ ఇక్కడికొచ్చి చిక్కం కొక్కేనికి తగిలించి శవం దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఏం మేనేజర్, ఇంతేనా?"

మేనేజర్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"కుక్క పళ్ళు మాంసాన్ని మాడ్చవు. ఎర్రగా కాలిన ఇనుము మాడుస్తుంది. వంటాయన కదల్లేదు కాబట్టి ఆ బూట్లు నీవే. ముందు నువ్వు చంపావు. తర్వాత కుక్కని తీసుకెళ్ళావు. కింద నెత్తురుంటే ఏ కుక్కైనా మూతి పెడుతుంది. అంతా బాగానే ఆలోచించావు. కానీ హత్య దాని మీదికి తోయడానికి తీసుకెళ్తూ కూడా చిక్కం వేశావు చూడు!"

మేనేజర్ పక్క బల్ల మీది ఆల్చిప్పలు తెరిచే కత్తి అందుకున్నాడు. కుక్క మీదికి దూకాడు. "ఇది చచ్చుంటే అయిపోయేది!"

టైలరమ్మ కుక్క మీద బోర్లా పడింది. కత్తి ఆమె భుజంలో దిగింది. ఇన్‌స్పెక్టర్‌కి కుక్క సంగతే గుర్తు రాలేదు. వాడి మణికట్టు పట్టి వెనక్కి విరిచింది. ఎముక టక్కుమంది. వాడి మొహాన్ని పొయ్యి అంచుకి వేసి కొట్టింది. పళ్ళు రాలి బొగ్గుల్లో పడ్డాయి. కానిస్టేబుల్ బేడీలు వేశాడు.

చేతికి చుట్టిన గుడ్డ ఊడిపోయింది. అరచేతిలో అడ్డంగా ఇనప కడ్డీ వాత, పచ్చిగా.

"బావ పెట్టాడు," అన్నాడు వాడు, నెత్తురు ఉమ్మేస్తూ. "పొద్దున ఎవరిదో కుక్క చిక్కం లేకుండా రెండడుగులేసింది. నేను చూడలేదు. ఇందాక గదిలోకి పిలిచి, ఎర్రగా కాల్చిన కడ్డీతో వాత పెట్టాడు. మొదటిసారి కాదు మేడమ్. ఇంకో చేతికి కూడా పెట్టబోయాడు. కడ్డీ లాక్కున్నా. లాక్కున్నాక ఆగలేకపోయా."

"చచ్చాడని తెలుసుగా? మరి చిక్కమెందుకు వేశావు?"

"చచ్చాడని తెలుసు మేడమ్. కుక్క గొలుసు విప్పగానే బావ చూస్తాడేమోనని భయమేసింది."

కానిస్టేబుల్ వాణ్ణి వానలోకి నడిపించుకెళ్ళాడు.

డాక్టర్ ఇంజెక్షన్ పెట్టెలో పెట్టేసి, టైలరమ్మ భుజానికి కట్టు కట్టాడు. ఆమె అటు చూడనే లేదు.

"మీరు రాకముందు డాక్టర్‌గారు నన్ను అడిగారు మేడమ్," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "నేను సరేనన్నాను. దీని మూతి చూసి నమ్మేశాను. ఎనిమిదేళ్ళు నా పక్కలో పడుకున్నవాణ్ణి, చంపెయ్యండి అన్నాను. వీడి ముందే అన్నాను."

ఆమె తన చెయ్యి బండోడి నోటికి ఆనించింది. "కొరుకురా. ఒక్కసారి కొరుకు. నాకు తగిన శాస్తి జరగాలి."

బండోడు ఆ చెయ్యి వాసన చూశాడు. వేళ్ళకంటిన నెత్తురు, ఆమె నెత్తురు, మెల్లగా నాకి శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు.